తమ్ముడు గోడలు తట్టిన రోజు

తండ్రి పోయినప్పుడు తమ్ముడు ఎక్కడో యోగా నేర్చుకుంటున్నాడు. అతను తిరిగొచ్చేలోపు అన్న ఇల్లు మొత్తం తన పేర రాయించుకున్నాడు. తమ్ముడు అంతా విని, "మంచిదన్నయ్యా" అని నవ్వి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి అతనికి ఒకటే పిచ్చి: చేతికి ఏది దొరికితే అది ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యడం. దాన్ని అపరిగ్రహం అంటారనీ, అవసరానికి మించి దేన్నీ పట్టుకోకపోవడం యోగానికి మొదటి మెట్టనీ చెప్పేవాడు. ఆ వస్తువు తనదా, ఎదుటివాడిదా అన్న పట్టింపు కూడా ఉండేది కాదు.

అన్నకు మాత్రం కంటిమీద కునుకు కరువైంది. తిట్టి పోయినవాడికి సమాధానం చెప్పుకోవచ్చు. నవ్వి పోయినవాడు దేనికోసం తిరిగొస్తాడో ఎవరికి తెలుసు? గేటు చప్పుడైతే చాలు, గుండె గొంతులోకి వచ్చేది.

వదినకు వేరే హడలు. మరిది వస్తున్నాడంటే కుక్కరు మంచం కిందకు తోసేది. ఓసారి తోయడం ఆలస్యమైంది. అది మరిది చంకనెక్కి పక్కింటికి బయలుదేరింది.

"మరిదిగారూ, అది మాదండీ."

"మాది అనుకోవడమే దుఃఖం వదినా."

"అన్నం ఉడక్కపోతే అంతకంటే పెద్ద దుఃఖం. ఇటివ్వండి."

ఇంకోసారి అన్న చెప్పులు దారిన పోయే మనిషికిచ్చి, తనవి అన్నకు వదిలి, తాను ఉత్త కాళ్లతో వెళ్లాడు. ఆ చిన్న చెప్పుల్లో రోజంతా కుంటుతూ అన్న తెగ ఆలోచించాడు: ఇది దానమా, హెచ్చరికా?

ఒక ఉదయం తమ్ముడు వచ్చి తిన్నగా వెనక గదిలోకి వెళ్లాడు. గోడలు తట్టాడు. కిటికీ తెరిచి చూశాడు. అడుగులేసి గది కొలిచాడు. తలుపు చాటునుంచి అన్న ఆ అడుగులు లెక్కపెట్టాడు.

"అన్నయ్యా, ఈ గది నాకు కావాలి."

కావాలన్న మాట అతని నోట అన్న ఏనాడూ వినలేదు.

"గది... ఒక్కటేనా?"

"అదీ పొద్దునపూటే. నీకు గుండెదడనీ, నిద్ర లేదనీ వదిన చెప్పింది. డాక్టరేమో ఏ జబ్బూ లేదన్నాడట. నేను యోగా నేర్పే హాలుకు రమ్మంటే నువ్వు రావు. ఇక్కడ గాలి బాగుంది. కూర్చో, ఊపిరి తీయడం నేర్పుతాను."

ఆ దడ ఎవరివల్లో చెప్పకుండా అన్న చాప పరిచాడు. కూర్చున్నాడు. రోజూ కూర్చున్నాడు. పీల్చమంటే పీల్చేవాడు, వదలమంటే మాత్రం, తమ్ముడు దాన్నీ ఎవరికైనా ఇచ్చేస్తాడేమోనన్నట్టు బిగబట్టేవాడు.

ఓ రోజు, సగం ఊపిరి వదిలి అన్న అనేశాడు. "సగం ఇల్లు నీ పేర రాసేస్తాన్రా."

తమ్ముడు చాప మీద వెనక్కి జరిగాడు. అతని ముఖంలో భయం చూడడం అన్నకు అదే మొదలు.

"అంత పని చెయ్యకన్నయ్యా. ఇల్లుంటే చెదలు పడతాయేమో, తమ్ముడు వాటాకొస్తాడేమో అని చావాలి. ఆ బెంగంతా నువ్వు నెత్తినేసుకున్నావు కాబట్టే నేను హాయిగా నిద్రపోతున్నాను. ఇప్పుడు సగం తెచ్చి నాకంటగట్టకు. నడుం నిటారుగా పెట్టు."