సాలెవాడలో శంఖం

గోదావరి పక్కనే ఉన్నా చెన్నూరు వాళ్లకు సముద్రం సంగతులు ఎక్కవని చాలామంది నన్ను భయపెట్టారు. నేను భయపడలేదు. కరీంనగర్ బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. వేసవి సెలవుల్లో సర్కారు జీపులో ఊరూరా తిరిగి సముద్రపు జీవుల గురించి చెప్పే పని నేనే అడిగి తీసుకున్నాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులు. సముద్రం మన రాష్ట్రంలోకి వచ్చింది కదా, చూడని వాళ్లకు చూపించొద్దా అని నా వాదన. విశాఖపట్నం నుంచి తెచ్చుకున్న సీసాల్లో సముద్రపు గుర్రం, పీత, నక్షత్రచేప, శంఖపు నత్త ఉండేవి. ఎవరేమడిగినా జవాబు చెప్పగలనని ధీమా. ఇప్పటికీ అది తగ్గలేదు, కావాలంటే మా ఇంట్లో వాళ్లను అడగండి.

ఆ పొద్దున చెన్నూరు సాలెవాడలో బల్ల వేసి సీసాలు సర్దాను. ఒక్క నరపురుగు రాలేదు. ఇంటింటా మగ్గాలు ఆడుతున్నాయి. డప్పు కొట్టించినా ఆ టకటకల్లో ఎవరికీ వినపడలేదు. ఇట్లా కాదని పెట్టెలోంచి శంఖం తీశాను. మాది గుడి వీధి, పొద్దున్నే శంఖం వింటూ పెరిగినవాణ్ణి, ఊదడంలో నాకు పేరుంది. చావు దగ్గరా శంఖం ఊదుతారని తెలుసు. అయితే అక్కడ గంట కూడా మోగుతుంది కదా, ఉత్త శంఖానికి ఎవరు పొరబడతారులే అనుకున్నాను. రొమ్ము నిండా గాలి పీల్చి ఊదాను.

మగ్గాలన్నీ ఆగిపోయాయి. నేను పొంగిపోయాను. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదని ఊరికే అన్నారా! జనం బిలబిలమంటూ బయటికొచ్చారు. తీరా చూస్తే ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉన్నారు, ఇద్దరు ముగ్గురు మగవాళ్ల చేతుల్లో కట్టెలున్నాయి.

"ఎవలింట్లనయ్యా?" అని ఒక ముసలామె నన్నే అడిగింది.

ఆ వాడలో ఎవరైనా పోతే శవం లేచేదాకా మగ్గం ఆడదు, చితికి ఇంటికో కట్టె ఇస్తారు. గంట ఉన్నా లేకున్నా శంఖమంటే వాళ్లకు చావు కబురే. ఎవరూ పోలేదని నేను మొత్తుకునేలోపే సగం మంది మూల ఇంటికి పరుగెత్తారు. అక్కడ ఒక పెద్దాయన చాన్నాళ్లుగా జ్వరంతో మంచం పట్టి, ఈ మధ్యే కాస్త తేరుకుంటున్నాడట. ఆయన భార్య జనాన్ని తోసుకుంటూ నా మీదికి వచ్చింది.

"ఏం సారూ, నీకేం పుట్టింది? నా శంఖమే ఊదిండ్రని మా ఇంటాయన గోడదిక్కు తిరిగి పండిండు. డాక్టరు గంజి తాపుమన్నడు. తాగమంటె, పొయ్యేటోనికి గంజెందుకంటుండు. ఆయనకేమన్న అయితె ఎవలు జవాబుదారి?"

నేను శంఖం వీపు వెనక్కి దాచుకున్నాను. "చలో సార్, పోదాం" అని జీపు డ్రైవరు చెవిలో గొణిగాడు. దాంతో నాకు కోపం వచ్చింది. పారిపోవడానికా ఇంత దూరం వచ్చింది? ముల్లును ముల్లుతోనే తీయాలి.

"నడువు పెద్దమ్మా, మీ ఇంటికే" అన్నాను.

ఒక చేతిలో శంఖం, ఇంకో చేతిలో శంఖపు నత్త ఉన్న సీసా. వాడంతా నా వెనకే. అంతమంది శ్రోతలు నాకు అంతకు ముందు ఎక్కడా దొరకలేదు. ఆ భయంలోనూ ఆ సంగతి గమనించకపోలేదు.

ఆయన నిజంగానే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"పెద్దబాపూ, నీకోసం ఊదలే. గీ శంఖంల ఉండేటిది సచ్చిపోయింది, గందుకే ఊదిన" అన్నాను.

"గండ్ల ఎవలుంటరు?" అని గోడను అడిగినట్టు అడిగాడు.

అది చాలు నాకు. మంచం పట్టె మీద కూర్చుని మొదలుపెట్టాను. సముద్రం అడుగున ఇసుకలో ఉంటుందని, పురుగులను తిని బతుకుతుందని, ఈ ఇంటిని తన ఒంట్లోంచి వచ్చే సున్నంతో తానే కట్టుకుంటుందని చెప్పాను. పుట్టినప్పుడు గోరంత ఇల్లు. తాను పెరిగేకొద్దీ అంచుకు కలుపుకుంటూ పోతుంది, మగ్గం మీద గుడ్డ పెరిగినట్టు. గుడ్డ మాట వినగానే ఆయన ఇటు తిరిగాడు. శంఖం చేతిలోకి తీసుకుని, దాని మీది గీతలను గోటితో తడిమాడు.

"నడుమ పగిలితె?"

"మళ్ల సున్నం పెట్టి అతుక్కుంటది."

"ఇల్లిడిసి పోదా?"

"పోదు. ఇల్లు దాని పెయ్యికే అంటుకొని ఉంటది."

సీసా చేతులు మారుతోంది. తలుపు దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు. ఆయన భార్య మాత్రం గంజి గిన్నె పట్టుకుని ఆయన మొహమే చూస్తోంది.

"గింత గట్టిగ మోగుతదని గా జీవికి ఎర్కేనా?" అని అడిగాడు.

మంచంలో ఉన్న మనిషి ముందు మళ్లీ చావు మాట ఎత్తాలా అని ఒక్క క్షణం తటపటాయించాను. కాని ఉన్నదున్నట్టు చెప్పడమే నా పని.

"ఎర్కలేదు పెద్దబాపూ. అది సచ్చినంక, మాంసం తీసి, కొన కోస్తెనే మోగుతది. దాని శంఖం అది ఎన్నడూ ఇనది."

ఆయన నన్ను తేరిపార చూశాడు. తర్వాత నవ్వాడు. దగ్గొచ్చింది, దగ్గుతూనే నవ్వాడు.

"గట్లయితె దానికంటె నేనే నయం. నా శంఖం నేనే ఇన్న" అని భార్యవైపు చెయ్యి చాపాడు. "తే, గంజి తే. సల్లారక ముందే."