సన్నికల్లు మీద పెళ్లి వీడియో

పోయిన వారం రాజమండ్రిలో కొత్త ల్యాప్‌టాప్ కొనడానికి వెళితే, కొట్టతను దాన్ని నా చేతిలో పెట్టి, "చెవి దగ్గర పెట్టుకుని వినండి సార్, చిన్న చప్పుడు కూడా ఉండదు. ఇప్పుడు వీటి లోపల తిరిగేదీ లేదు, కదిలేదీ లేదండి" అన్నాడు గర్వంగా. నిజంగానే చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ వినపడలేదు. అతను నా మొహంలో సంతోషం కోసం ఎదురుచూస్తున్నాడు. నాకేమో పాలకొల్లులో మా స్టూడియో, బల్ల మీద నల్లటి హార్డ్ డిస్క్, దాని టిక్కు టిక్కుమనే చప్పుడు వింటూ ఊపిరి బిగబట్టి కూర్చున్న మా వదినా నేనూ గుర్తొచ్చాం.

అప్పట్లో నేను పెళ్లి వీడియోలు తీసేవాణ్ణి. కింద స్టూడియో, మేడ మీద ఉమ్మడి కాపురం, గోడకి అవతల పిండిమర. మర తిప్పగానే మా అద్దాల బీరువాలో లెన్సులు గలగలలాడేవి. ఫోటోకి కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడితే, "ఏం లేదండి, పక్కన మరలో మినప్పప్పు పట్టిస్తున్నారు" అని సర్దిచెప్పేవాణ్ణి. మా అన్నయ్య భార్య, అంటే మా వదిన, భీమవరం వైపు ఒక ఇంజినీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేది. ఆవిడ పీహెచ్‌డీ చేసింది హార్డ్ డిస్కులో రాసి ఉన్నది చదివే 'తల' ఊగకుండా ఎలా నిలబెట్టాలన్న దాని మీద. ఆ సంగతి మా అమ్మకి ఎవరు ఎలా చెప్పారో గానీ, ఇంటికొచ్చిన చుట్టాలందరికీ "మా పెద్ద కోడలు తల ఊపడం మీద డాక్టరు చదివిందండి" అని చెప్పేది. వదిన దిద్దబోయి, మానేసి, నిజంగానే తల ఊపి ఊరుకునేది. ఇంట్లో ఎవరమూ ఆ చదువుని పెద్దగా పట్టించుకున్నది లేదు. మిక్సీ పాడైతే మాత్రం ఆవిణ్ణే పిలిచేవాళ్లం.

ఆ ఏడాది వేసవిలో దగ్గర పల్లెటూళ్లో ఒక పెళ్లి తీశాను. పెళ్లికూతురి తాతగారు ఒకప్పుడు పౌరాణిక నాటకాలు వేసినాయన. తలంబ్రాలు అయ్యాక ఎవరో మైకు చేతికిస్తే, ముందు వద్దు వద్దంటూనే లేచి నిలబడి, కండువా సర్దుకుని, ఒక పద్యం ఎత్తుకున్నారు. ఆ వయసులో ఆ గొంతు ఎక్కడ దాచుకున్నారో! వంటశాలలోంచి గరిటెలతో సహా వచ్చి నిలబడ్డారు జనం. సన్నాయి ఆయన వాయిద్యం ఒళ్లో పెట్టుకుని నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. రాగం లాగుతుంటే ఎడం చేత్తో తొడ మీద తాళం వేస్తున్నారాయన. పెళ్లికొడుకుని వదిలేసి నా కెమెరా ఆయన మొహం మీదే ఆగిపోయింది. ఆ తరవాత కొద్ది వారాలకే తాతగారికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. పెళ్లికూతురు ఫోను చేసి, "అంకుల్, ఆల్బమ్ ఆలస్యమైనా ఫర్వాలేదండి. తాతయ్య పద్యం మాత్రం ముందు ఇచ్చేయండి. ఆయన ఎవరి వంకా చూడట్లేదు, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. అదొక్కటీ వినిపించాలండి" అంది.

సరేనని ఆ పెళ్లి దాచిన హార్డ్ డిస్కు కంప్యూటరుకి తగిలించి, పద్యం వెతుకుతున్నాను. పైన అటక మీద ఎలుక కోసం మాటు వేసిన మా పిల్లి, దానికి ఏం కనపడిందో ఏమో, తిన్నగా బల్ల మీదకి దూకింది. పిల్లి బాగానే ఉంది. తిరుగుతున్న డిస్కు మాత్రం గచ్చు మీద పడింది. కెమెరా కార్డులు అప్పటికే చెరిపేసి వేరే పెళ్లిళ్లకు పట్టుకెళ్లాం, ఊళ్లో అందరిదీ అదే పద్ధతి. తీసి మళ్లీ తగిలిస్తే డిస్కు తిరిగింది, ఫైళ్ల పేర్లు కనపడ్డాయి, ప్రాణం లేచొచ్చింది. తీరా కాపీ పెడితే కొంచెం దూరం వెళ్లి టిక్కు టిక్కుమంటూ అక్కడే కొట్టుకుంటోంది. బజారులో రిపేరు చేసేవాళ్లకి చూపిస్తే ఆశ వదులుకోమన్నారు. మర్నాడు పెళ్లికూతురి నాన్నగారు స్టూడియోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "ఏమండీ, దొరుకుతుందాండీ?" అనడిగారు. "చూస్తున్నామండి" అన్నాను.

ఆ సాయంత్రం వదిన కాలేజీ నుంచి వచ్చి, సంచీ అయినా దింపకుండా విషయం విని, జ్వరమొచ్చిన పిల్లాడి నుదుటి మీద పెట్టినట్టు డిస్కు మీద అరచెయ్యి పెట్టింది. కాసేపు కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆ కళ్లలో మెరుపు. "మరిదిగారూ, తల బాగానే ఉంది. రాసి ఉన్నది చదువుతోంది. నిలబడలేకపోతోందంతే!" అంది. ఏంటో చెప్పమన్నాను. లోపల అద్దంలాంటి పళ్లెం గిర్రున తిరుగుతుంటుందట. దాని మీద వెంట్రుకని నిలువునా వందల పోగులుగా చీలిస్తే వచ్చేంత సన్నటి దారులు. మనం తీసిన పెళ్లంతా ఆ దారుల్లోనే ఉంటుంది. చిన్న చెయ్యి కొసన ఉన్న తల, పళ్లేన్ని తాకకుండా ఆ దారి మీదే ఎగురుతూ, దారిలో ఉన్న గుర్తులు చదువుకుంటూ, పక్కకి జరిగితే మళ్లీ సర్దుకుంటూ పోవాలి. పడినప్పుడు పళ్లెం కాస్త పక్కకి ఒరిగి ఉంటుందని వదిన అనుమానం. అందుకే డిస్కు మొత్తం వణుకుతోంది.

"మరి వంకర పళ్లెం మీద ఎలా నిలబడుతుంది వదినా?" అన్నాను. "మీరు భీమవరం బస్సు ఎక్కరా? రోజూ ఉండే గుంట ఎక్కడుందో డ్రైవరుకి తెలుసు, ముందే సర్దుకుంటాడు. పళ్లెం వంకర ప్రతి చుట్టులోనూ ఒకే చోట వస్తుంది, దానికి తల అలవాటు పడిపోగలదు. కొత్త గుంటలు రాకుండా చూడాలి మనం. బల్ల ఊగితే, మర అదిరితే, అవన్నీ దానికి కొత్త గుంటలే" అంది.

ముందు మరాయన్ని బతిమాలి కాసేపు ఆపించాం. కొంచెం నయం. కాపీ ఇంకాస్త ముందుకెళ్లి మళ్లీ ఆగింది. అయితే మెత్తగా ఉండాలి కాబోలని నేను పరుగున వెళ్లి పైనుంచి దూది దిండు తెచ్చి దాని మీద పడుకోబెట్టాను. అంతే, కాపీ అడుగైనా కదల్లేదు! వదిన మాత్రం చప్పట్లు కొట్టింది. "చూశారా! లోపల ఆ చెయ్యి అటు ఊగినప్పుడల్లా డిస్కు ఇటు తిరుగుతోంది, పడవలో నిలబడి ఎగిరినట్టు. మెత్తన కాదు, బరువు కావాలి. కదల్చలేనంత బరువు, దాని కింద మెత్తన!" అంటూనే మేడ మెట్లెక్కేసింది. దిగేటప్పుడు మా అన్నయ్యా ఆవిడా కలిసి వంటింటి సన్నికల్లు మోసుకొస్తున్నారు. వెనకాల మా అమ్మ, "ఏంటర్రా ఇది, గోంగూర నూరుతుంటే లాక్కొచ్చారు!" అంటూ.

రాయి కడిగి, తుడిచి, ఆరబెట్టి, అడుగున పాత సైకిలు ట్యూబు ముక్కలు మడిచి పెట్టాం. డిస్కుని రాతి అంచున ఆనించి, వడ్రంగి దగ్గర తెచ్చిన ఇనప బిగింపులతో పట్టించాం. "అంచుల్లోనే బిగించండి, నడుమ నొక్కితే మూత వంగుతుంది" అని వదిన పక్కనుంచి చెబుతూనే ఉంది. రాయి మీద ఎక్కడో పచ్చడి వాసన ఇంకా వేస్తూనే ఉంది. వైరు తగిలించి కాపీ పెట్టాను. తెర మీద కాపీ ఎంతైందో చూపే గీత ముందుకి జరిగింది. ఇంతకుముందు ఆగిన చోటికి వచ్చింది. టిక్కు మంది. అన్నయ్య నా భుజం పట్టుకున్నాడు. మళ్లీ టిక్కు మంది. ఆ తరవాత ఏమీ అనలేదు, సన్నగా రొద చేసుకుంటూ గీత జరుగుతూ పోయింది. "దాటిందిరోయ్!" అని అరిచాను. "ష్, అరవకండి, అదీ అదురే!" అని వదిన నోటి మీద వేలు పెట్టుకుంది గానీ, ఆవిడే నాకంటే గట్టిగా నవ్వేస్తోంది. నడుమ రెండు మూడు చోట్ల తటపటాయించి ప్రాణం తీసింది. చివరికి పద్యం ఉన్న ఫైలు పూర్తిగా వచ్చింది. వదిన కుర్చీలో కూలబడి, "ఇన్నేళ్లూ బోర్డు మీద లెక్కలు వేశాను. చేత్తో పట్టుకున్నది ఇవాళే" అంది. కళ్లు తుడుచుకుంటూ ఉంటే మా అమ్మకి అర్థం కాక, "పోనీలే అమ్మా, గోంగూర మిక్సీలో వేద్దాం" అంది.

మర్నాడు పొద్దున్నే వదిన కాలేజీకి సెలవు పెట్టింది. ఇద్దరం స్కూటరు మీద కాలవ గట్టునే ఆ ఊరెళ్లాం. తాతగారు గోడవైపే తిరిగి పడుకుని ఉన్నారు. మనవరాలు మంచం పక్కన టీవీకి పెన్‌డ్రైవు గుచ్చింది. ముందు జనం గోల, ఎవరో మైకు మీద ఉఫ్ ఉఫ్‌మని ఊదడం, తరవాత ఆ గొంతు. ఆయన వీపు కదల్లేదు. రాగం పైకి లేచింది. అప్పుడు మంచం పట్టె మీద ఎడంచెయ్యి వేళ్లు మెల్లిగా లేచి, ఒకసారి పడ్డాయి. మళ్లీ లేచి పడ్డాయి. తాళం. "తాతయ్యా!" అని మనవరాలు ఏడుస్తూ ఆయన్ని ఇటు తిప్పింది. నోరు ఒక పక్కకి వంకరగా ఉంది, అయినా ఆ పెదవులు పద్యం వెంట కదులుతున్నాయి. చివరి పాదం దగ్గర ఒక శబ్దం కూడా వచ్చింది, మాట కాదు గానీ శ్రుతిలోనే ఉంది. పెళ్లికూతురి నాన్నగారు నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. నేను వదినని ముందుకి తోసి, "ఈవిడండి, ఈవిడ తెచ్చారండి" అన్నాను.

ఆ తరవాత తాతగారు పూర్తిగా కోలుకోలేదు. కానీ గోడవైపు తిరిగి పడుకోవడం మానేశారనీ, సాయంత్రం అయ్యేసరికి టీవీవైపు వేలు చూపించేవారనీ ఆ అమ్మాయి చెప్పేది. ఇప్పుడాయన లేరు. నాకూ జుట్టు నెరిసింది, వదిన ఈ ఏడాదే రిటైరైంది. అయినా ఏళ్లు ఎప్పుడూ ముందుకే నడుస్తాయంటే నేను నమ్మను. ఆ పొద్దున ఒక పద్యం సాగినంత సేపూ ఆ మంచం మీద ఉన్నది జబ్బుపడ్డ ముసలాయన కాదు, ఒకప్పుడు నాటకాలు వేసిన కుర్రాడు, నేను చూశాను.