ఫాగ్, పొగ

క్వేకర్స్ హిల్‌లో మా పక్కింటి ముసలామెది ఇంగ్లండు. ఆమె పేరు నాకు నోరు తిరిగేది కాదు. నేను బట్టలు ఆరేస్తుంటే చాలు, కంచె దగ్గరికి వాళ్ల ఊరి ఫొటోలు పట్టుకొచ్చేది. తడిసిన బాట, గొర్రెలు, రాతిగోడ. ఒకదాంట్లో తెల్లదనం తప్ప ఏమీ లేదు. "ఫాగ్, డియర్!" అని దాన్నే మురిపెంగా వేలితో నిమిరేది. పొగమంచన్నమాట.

"ఏమీ కనపడనిదానికి రీలు దండగ చేశావేంటమ్మా?" అని నేను తెలుగులోనే కసిరితే, అర్థమైనట్టు నవ్వేది.

పోనుపోను ఆమెకు తాను ఏ దేశంలో ఉందో కూడా మరుపు రాసాగింది. ఆ రోజుల్లోనే, ఇక్కడ నడివేసవైన డిసెంబరు ఎండల్లో ఒక మధ్యాహ్నం, మా ఇళ్ల వెనక ఎండుగడ్డి అంటుకుంది. పొగ కంచెదాకా కమ్మింది. ఇంట్లో నేనొక్కదాన్నే. బయటికి వచ్చి చూస్తే ఆమె ఆ ఫొటో పట్టుకుని పొగలోకే నడుస్తోంది.

నిప్పుకి ఇంగ్లీషు మాట నోటికి రాలేదు. "పొగ! అమ్మా, పొగ!" అని అరిచాను.

"యెస్, డియర్! ఫాగ్!" అని సంబరంగా చెయ్యూపి ఇంకా ముందుకెళ్లింది. నేను అరిచినకొద్దీ ఆమె నడక జోరెక్కుతోంది.

అరవడం మాని పరుగెత్తాను. ఆమె చేతిలో ఫొటో లాక్కుని వీధివైపు ఉరికాను. "మై పిక్చర్!" అని ఏడుస్తూ ఆమె నా వెంటే వచ్చేసింది.

మంటలు ఆర్పేశారు. మర్నాడు కంచె దగ్గర మళ్లీ అదే ఫొటో చాపి, "ఫాగ్, డియర్" అంది.

దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాకగానీ నేను తలూపలేదు.