మెమో మీద టేపు

మా స్కూలు ఆఫీసులో పార్సిలు విప్పుతూ అటెండరు టేపును చర్రున లాగాడు. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, వెంటనే పైడిరాజు మేస్టారు గుర్తొస్తారు. విజయనగరంలో ఇంటరు చదివేటప్పుడు మాకు ఫిజిక్సు చెప్పారాయన. మంచివారే కానీ, ఆ నిదానం ఎదుటి మనిషి ప్రాణం తీస్తుంది. సిలబస్ సగం మిగిలిపోయి మేం కంగారుపడుతుంటే, ఒక పీరియడంతా టేపు చుట్టతో గడిపేశారు. ఒక ముక్కను బల్ల మీది దుమ్ములోనే అంటించారు. ఇంకో ముక్కను బల్ల తుడిచి అంటించి, బొటనవేలితో రుద్దారు. తర్వాత రెండిటినీ తనే పీకి చూపించారు.

"రుద్దితే ఈ జిగురు సన్న సందుల్లోకి పాకుతాది. పీకినప్పుడు బయటికి రాడానికి దానికి టైమివ్వాల. గబుక్కున లాగితే గట్టిపడిపోయి, కిందున్నదాన్ని పట్టుకొచ్చేస్తాది," అన్నారు.

"పరీక్షలో వస్తాదా మేస్టారూ?" అని విసుగ్గా అడిగాను.

"రాదమ్మా," అంటూ ఇంకో ముక్క చింపారు.

కొన్నేళ్ళకు టీచరు ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలనకు రమ్మన్నారు. మాది భోగాపురం దగ్గర చేపలు పట్టేవాళ్ళ ఊరు. ముందురోజు పెట్టెలోంచి తీస్తుంటే నా పదో తరగతి మెమో చిరిగింది. చేపలు కోస్తున్న అమ్మ అలాగే పరుగెత్తుకొచ్చి ఒక టేపు ముక్క అంటించింది. చెయ్యి కడుక్కోవా అని ఆమెను కసిరి, రెండోది నేనే అంటించి బాగా రుద్దాను. ఆ కంగారులో చిరిగిన అంచు మడతపడి హాల్ టికెట్ నంబరును కప్పేసింది. మర్నాడు విజయనగరంలో గుమస్తా, "నంబరు కనబడాలి. ఐదులోపు రాకపోతే మీ పేరు కొట్టేస్తారు," అన్నాడు.

మేస్టారి ఇల్లు దగ్గరే. మూడున్నరకు వెళ్ళి పడ్డాను. ఆయన తీరిగ్గా ఇస్త్రీపెట్టె వేడిచేసి, మెమో మీద గుడ్డ పరిచి, జిగురు మెత్తబడేలా కాసేపు ఆనించారు. తర్వాత టేపు కొసను వెనక్కి మడిచి, కాగితానికి ఆనించినట్టే ఉంచి లాగడం మొదలుపెట్టారు. అమ్మ అంటించిన ముక్క ఇట్టే వచ్చేసింది.

"మీ అమ్మ సేతికి సేప నూని ఉన్నాది కాబోలు. జిగురు పట్టనే లేదు," అన్నారు. రెండో ముక్క దగ్గర ఆగిపోయి, "ఇది నువ్వంటించావు కదూ? బాగా రుద్దావమ్మా," అని మెచ్చుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

వెంట్రుకవాసి చొప్పున లాగుతున్నారు. నాలుగూ ముప్పావు అయింది. ఇంకా రెండంకెలు మడత కిందే ఉన్నాయి.

"ఏటమ్మా ఆ తొందర," అంటూనే ఉన్నారు, నేను ఆయన చేతిలోంచి కొస లాక్కుని ఒక్క గుంజు గుంజాను. నంబరు బయటపడింది. దాని పక్కనే అచ్చయిన మా నాన్న పేరులో రెండక్షరాలు కాగితం పొరతో సహా టేపుకు అంటుకుని లేచిపోయాయి.

తిడతారనుకున్నాను. ఆయన ఆ టేపును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు.

"నాకే సెప్పడం రాలేదు. ఆ రోజు నేనే పీకి సూపించాను గానీ, మీ సేత పీకించలేదు," అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది.

పరుగున ఐదులోపే చేరాను. చెదిరిన నాన్న పేరు చూసి గుమస్తా సణిగాడు గానీ, నంబరు చూసి సంతకం పెట్టాడు. ఉద్యోగం వచ్చింది. నా క్లాసులో ఎవరికైనా ఒక లెక్క మూడోసారి చెప్పినా అర్థం కాకపోతే, అరవబోయి, సుద్దముక్క వాళ్ళకే ఇచ్చి పక్కన నిలబడతాను. వాళ్ళు తడుముకుంటూ తప్పులు రాస్తుంటే, లాక్కుని నేనే రాసేయకుండా నా చేతులు వెనక్కి కట్టుకోవడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.