రూతు మేడం, ముప్పై ఎనిమిది టిక్కీలు

మా ఆఫీసులో పక్క బల్ల మీది కంప్యూటర్ మొన్న మధ్యాహ్నం టంగుమంది. ప్రోగ్రాం మొరాయించినప్పుడు వచ్చే చప్పుడు అది, స్టీలు పళ్ళెంలో చెంచా జారి పడ్డట్టు ఉంటుంది. అక్కడ కూర్చునే పద్మగారు తెర మీద వచ్చిన నాలుగు వాక్యాలనూ చూడకుండానే మూసేశారు. "ఏమని చెప్పిందండీ?" అని అడిగాను. "ఏమోనండీ, ఏదో ఇంగ్లీషు" అన్నారావిడ. ఒకప్పుడు నేనూ సరిగ్గా ఆ మాటే అనేవాణ్ణి. నా చేత దాన్ని మాన్పించిన మనిషి రూతు మేడం. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది.

నేను పెద్ద చదువులు చదవలేదు. ఇంటర్ తప్పాక గుంటూరు అవతల చిలకలూరిపేట రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీలో చేరాను. రైతు తెచ్చిన టిక్కీలను, అంటే మిరపకాయల బస్తాలను, ఏ చాంబర్లో, ఎన్నో అంతస్తులో, ఏ అరలో పెట్టామో రాసి ఉంచడం నా పని. నాలుగు చాంబర్లు, ఒక్కోదానికి ఐదంతస్తులు, సీజనులో దాదాపు అరవై వేల టిక్కీలు. అంకెలంటే నాకు భయం లేదు, కానీ రిజిస్టరులో పేజీలు తిప్పడానికే సగం పూట పోయేది. రైతు పేరు కొడితే బస్తా ఉన్న చోటు తెర మీద కనపడే ప్రోగ్రాం ఒకటి నేనే రాసుకోవాలని ముప్పై ఏడో ఏట బుద్ధి పుట్టింది. బ్రాడీపేటలో ఒక క్లినిక్ పైన ఉన్న కంప్యూటర్ సెంటర్లో, ప్రోగ్రాములు రాసే భాష పైథాన్ నేర్చుకోవడానికి చేరాను. క్లాసులో ఇరవై ఇద్దరం. నా తర్వాత పెద్దవాడికీ నాకూ పదహారేళ్ళ తేడా.

ఆ సెంటర్ నడిపేది రూతు మేడమే. పొట్టి మనిషి, ఎప్పుడూ మంగళగిరి నేత చీరే కట్టేది. పర్చూరు వైపు పల్లెలో కూలిపనులు చేసుకునే కుటుంబం. చిన్నప్పుడు బడికి సెలవులిస్తే వాళ్ళమ్మతో కలిసి మిరపకోతలకు వెళ్ళేదట. తర్వాత చదువుకుని లెక్కల టీచరయ్యింది, ఆ ఉద్యోగం మానేసి సెంటర్ పెట్టింది. నాకంటే పెద్దదైనా నన్ను ఏనాడూ 'గారు' లేకుండా పిలవలేదు.

చేరిన రెండో నెలలో నా ఇంటి కంప్యూటర్లో నేను రాస్తున్న ప్రోగ్రాం తెరుచుకోవడం మానేసింది. దాని బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే తెర ఒక్కసారి మెరిసి ఊరుకునేది. పైథాన్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ అంతే. చివరికి సీపీయూను స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని సెంటరుకు మోసుకెళ్ళాను.

"ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేశారండీ?" అని అడిగింది మేడం.

"మూడుసార్లు మేడం."

"మొదటిసారి ఏమని చెప్పింది?"

"చదవలేదండి. ఏదో ఇంగ్లీషు."

"మూడుసార్లు చెప్పింది పాపం. మీరు ఒక్కసారీ వినలేదు" అంది. క్లాసంతా నవ్వింది. నా చెవులు వేడెక్కాయి. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆజ్ఞలు టైపు చేసే నల్ల తెర తెరిచి, ప్రోగ్రాంను అక్కడి నుంచి నడిపించి, వచ్చిన వాక్యాలను పొల్లు పోకుండా నా చేతే కాగితం మీద రాయించింది. తొమ్మిది వరుసలు. రాస్తుండగానే సంగతి అర్థమైంది. ఒకదాన్ని తీసేశాననుకున్న ప్రతిసారీ అది పోలేదు. మూడు పైథాన్లు మూడు ఫోల్డర్లలో కాపురం ఉంటున్నాయి. తెర మీద బటన్లు గీయడానికి కావలసిన సరంజామా ఒకదానికి ఇచ్చి, పని ఇంకోదానికి చెబుతున్నాను.

"ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక చూడండి. చూశాక రాయండి" అంది మేడం. లెక్కలంటే ఇష్టపడేవాడికి ఆ పద్ధతి వెంటనే ఎక్కింది. ఆ రోజు నుంచీ కీబోర్డు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. కాకపోతే మేడం దగ్గర నేర్చుకోవలసింది అదే అనుకుని పొరపడ్డాను.

నా ప్రోగ్రాం తయారయ్యింది. ఏడాదిపాటు రిజిస్టరుతో పోల్చి చూశాను. తేడా రాలేదు. మా యజమాని చలపతిరావుగారితో, రిజిస్టరు ఇక అక్కర్లేదండీ అని చెప్పింది నేనే. ఆయన ఒప్పుకున్నారు. ఆ ఎండాకాలం పాత కంప్యూటర్ కాలిపోతే కొత్తది కొని, పూజ చేయించారు. మానిటరుకు పసుపు, కుంకుమ పెట్టి, పంతులుగారు మంత్రం చదివాక, వాడేవాళ్ళ పేరేమిటని యంత్రం మొదటిసారి అడిగింది. "కొత్త పుస్తకమైనా కొత్త మిషనైనా మొదట రాసేది శ్రీయేనయ్యా, కొట్టు" అన్నారు చలపతిరావుగారు. తెలుగు కీబోర్డు వచ్చన్న గర్వంతో నేను 'శ్రీ' అని కొట్టాను. అందరూ దండం పెట్టారు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి పెన్‌డ్రైవ్‌లోని సమాచారం, ప్రోగ్రాం ఎక్కించి, పైథాన్ పెట్టి, బొమ్మ మీద నొక్కాను. ఏమీ తెరుచుకోలేదు. అప్పటికే గేటు దగ్గర కోటయ్య అనే రైతు ట్రాలీ ఆటోతో నిలబడి ఉన్నాడు. ఆయనవి ముప్పై ఎనిమిది టిక్కీలు. ఆ మర్నాటి నుంచి మిర్చి యార్డుకు నెల రోజులు వేసవి సెలవులు. ఆ పూట యార్డుకు చేరకపోతే సరుకు నెలదాకా కదలదు, ఈలోగా ఆ డబ్బుతోనే పొలం దున్నించాలి, విత్తనం కొనాలి. అరవై వేలలో ఆయన బస్తాలు ఎక్కడున్నాయో చెప్పగలిగేది నా ప్రోగ్రాం ఒక్కటే.

"అయ్యిందా బాబూ?" అని అడిగాడు కోటయ్య, మూడోసారి.

"ఆగవయ్యా. నువ్వడిగితే తొందరగా అవుద్దా?" అని కసిరాను. ఆయన తలపాగా విప్పుకుని మెట్ల మీద కూర్చున్నాడు. బస్తాలు మోసే ముఠాకు మేస్త్రి ఏసోబు మాత్రం ఊరుకోలేదు. "కంప్యూటరు బాబుగారు పడుకున్నారంట, లేచేదాకా టీ తాగండిరా" అని తన మనుషులకు వినపడేలా అన్నాడు. నేను పైథాన్ తీసేసి మళ్ళీ పెట్టాను. మేడం చెప్పిందంతా మర్చిపోయి ఇంకోసారి పెట్టాను. ఎనిమిదింపావుకి ఆవిడకు ఫోన్ చేశాను. అరగంటలో ఆటో దిగింది.

ఆవిడ వచ్చేలోగా నల్ల తెర తెరిచి ఎర్రర్ రాసుకున్న కాగితం అందించబోయాను. తీసుకోలేదు. మెట్ల వైపు చూసి, "ఆయనెవరు?" అంది. చెప్పాను.

"సమాచారం ఏ ఫైల్లో ఉంది?"

"మామూలు ఫైలేనండి, కామాలు పెట్టి రాసినది."

"అయితే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఆయన పేరు వెతకండి."

 ఆ ఫైలు నేను రాసుకున్నదే. గంటకు పైగా నా కళ్ళ ముందే ఉంది. తెరిచాను, వెతికాను. మూడో చాంబరు, నాలుగో అంతస్తు, పదిహేడో అర. ఏసోబు మనుషులు కంబళ్ళు కప్పుకుని లోపలికెళ్ళారు. ఇరవై నిమిషాల్లో ముప్పై ఎనిమిదీ ఆటోలో ఉన్నాయి. కోటయ్య వెళ్ళేటప్పుడు నా వైపు చూడలేదు. "వస్తానమ్మా" అని మేడంతో చెప్పి ఎక్కాడు.

అప్పుడు కూర్చుంది మేడం, నల్ల తెర ముందు. "శేషగిరిగారూ, మా అమ్మ కోతయ్యాక కూలి లెక్క కోసం కాటా దగ్గర నిలబడేది. కాటా చెడిందని ఎండలో నిలబెట్టేవాళ్ళు. బాగుచేసేవాడి చుట్టూ అందరూ మూగేవాళ్ళు. ఆమె వైపు చూసేవాళ్ళు లేరు" అంది. అంతే. నన్ను తప్పు పట్టలేదు. పట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

తప్పు దొరకడానికి పది నిమిషాలు పట్టింది. పూజ రోజు కొట్టిన పేరుతో కంప్యూటర్ ఒక ఫోల్డరు తయారుచేసుకుంది, పైథాన్ తనంతట తాను ఆ 'శ్రీ' ఫోల్డరు లోపల కూర్చుంది. తెర మీద బటన్లు గీసే భాగానికి ఆ తెలుగు పేరు చదవడం రాదు, దారి తెలియక ఆగిపోతోంది. ఎర్రర్‌లో ఆ పేరు ఉండాల్సిన చోట నాలుగు ప్రశ్నార్థకాలున్నాయి. నేను కాగితం మీద వాటిని శ్రద్ధగా రాశాను కూడా, ఎందుకున్నాయో మాత్రం ఆలోచించలేదు.

ఈలోగా చలపతిరావుగారు వచ్చారు. సంగతి విని ముఖం ముడుచుకుని, "పూజలో పెట్టిన పేరమ్మా. తీసేయాలంటారా?" అన్నారు.

"ఎందుకండీ తీయడం? శ్రీ అక్కడే ఉంటుంది. పైథాన్‌నే పక్కింట్లోకి మారుద్దాం" అంది మేడం. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి ఆవిడ. ఆ మాటను ఎంత మామూలుగా అందో నాకు గుర్తు. ఆ పేరుతో సంబంధం లేకుండా వేరే ఫోల్డర్లో పైథాన్ పెట్టించి, బొమ్మకు కొత్త దారి చూపించి, నొక్కమంది. ప్రోగ్రాం తెరుచుకుంది. చలపతిరావుగారు నవ్వారు. నేను మెట్ల వైపు చూశాను. అక్కడెవరూ లేరు.

కోటయ్య సరుకు ఆ పూటే యార్డులో అమ్ముడయిందని సాయంత్రం ఏసోబు చెప్పాడు. ఆ రాత్రి ప్రోగ్రాంకు ఒక చిన్న పని అదనంగా నేర్పాను. రోజూ సాయంత్రం ఆరింటికి ఏ రైతు బస్తాలు ఎక్కడున్నాయో మొత్తం కాగితాల మీద అచ్చు వేస్తుంది. దాన్ని గేటు పక్కన తగిలిస్తాను. కంప్యూటర్ తెరుచుకున్నా తెరుచుకోకపోయినా, వచ్చినవాడు తన పేరు తానే వెతుక్కోవచ్చు. ఈ సంగతి మేడంకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"అక్షరాలు ఎంత సైజు పెట్టారు?" అని అడిగింది.

"పది, మేడం."

"అరవై ఏళ్ళ మనిషికి కనపడద్దా?"

పద్నాలుగు చేశాను. కాగితాలు ఎక్కువ పడతాయని చలపతిరావుగారు అంటే, పడనివ్వండి అన్నాను. అన్నేళ్ళలో ఆయన మాటకు నేను ఎదురు చెప్పింది అదొక్కటే. పోయిన సీజనులో ఒక సాయంత్రం ఆ కాగితాలు తగిలిస్తుంటే, నా కళ్ళకే ఆ అక్షరాలు చాలడం లేదనిపించింది. మర్నాడు పదహారుకు పెంచాను.