పక్క చేని తుపాకి గొట్టం

ఎన్నికలు ప్రకటించిన మరుసటి రోజే స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. లైసెన్సు ఉన్నవాళ్లు వారంలోగా తుపాకులు తెచ్చి అప్పగించాలట. నాకిది కొత్త కాదు. పంట కాపలాకని మా నాయన కాలం నుంచీ మా ఇంట్లో మందు కూరే తుపాకి ఉంది. నాయన పోయాక లైసెన్సు నా పేరుకు మార్పించుకున్నాను. ప్రతి ఎన్నికకూ దాన్ని గోనెసంచిలో చుట్టి తీసుకుపోయి ఇస్తాను, రసీదు తెచ్చుకుంటాను, ఓట్ల లెక్కింపు ముగిశాక మళ్లీ ఇంటికి తెచ్చుకుంటాను.

ఈసారి ఫోన్ పెట్టేశాక గోనెసంచి కోసం లేవలేదు. తుపాకి నాదే. గొట్టం నాది కాదు.

రెండేళ్ల కిందట శనక్కాయ చేలో అడవి పందుల్ని బెదరగొడుతుంటే నా గొట్టం మొదలు దగ్గర చీలిపోయింది. పక్క చేను ఒక వితంతువుది, నాకు చెల్లెలి వరస. ఆమె భర్తకూ అలాంటి తుపాకే, అలాంటి లైసెన్సే ఉండేవి. ఆయన అంతకు ముందే జబ్బుచేసి పోయాడు. తుపాకి అటక మీదే ఉండిపోయింది.

"తీసకపోన్నా. ఆయప్పే లేడు, నాకెందుకిది? నీ చేలోకి పందులు రాకుంటే నా చేలోకీ రావు" అని ఆమే అటక మీద నుంచి దించి ఇచ్చింది. కమ్మరి దాని గొట్టం ఊడదీసి నా తుపాకికి బిగించాడు. మిగిలిన చెక్కముక్క, మందు పేల్చే ఇనప గుర్రం ఆమెకే తిరిగి ఇచ్చేశాను. చీలిన నా గొట్టాన్ని అతను కొలిమిలో పెట్టి, కలుపు తీసే తొలికలు రెండు కొట్టుకున్నాడు. గొర్రు విరిగితే పక్కవాడి గొర్రు తెచ్చుకుని విత్తనం వేసిన మనుషులం మేం. ఇదీ అంతే అనుకున్నాను.

కానీ గొట్టం మీద చెక్కిన అంకెలు చచ్చిపోయిన మనిషివి. నా లైసెన్సు పుస్తకంలో ఉన్నవి వేరు.

కళ్యాణదుర్గంలో తెలిసిన వకీలు గుమస్తాను అడిగి ఆయుధాల చట్టం పుస్తకం తెచ్చుకుని మూడు రోజులు చదివాను. గొట్టం ఒక్కటే ఉన్నా అదీ ఆయుధమేనట. లైసెన్సు ఉన్నవాడికి ఇవ్వాలన్నా ముందు కలెక్టరుకో స్టేషనుకో రాసిచ్చి, నలభై అయిదు రోజులు ఆగాలట. లైసెన్సుదారు చనిపోతే ఇంటివాళ్లు జాగు చేయకుండా అప్పగించాలట. పురుగుమందు ఎలా కొట్టాలో గోడల నిండా బొమ్మలేసి చెప్పిన సర్కారు, ఈ ముక్క చెప్పడానికి మా ఊళ్లో ఒక్క కాగితం అంటించలేదు. తీసుకున్న నేను తప్పుచేశాను, సరే. ఇచ్చిన ఆమె మాటేమిటి? ఆమెకున్నవి ఆ మూడెకరాలు, ఒక పింఛను. కేసు పెడితే ఆమె వెంట స్టేషనుకు పోయే మనిషి కూడా లేడు.

కమ్మరి దగ్గరికి పోయాను.

"అంకెలే గదప్పా. ఆకురాయితో రెండు గీకులు గీకితే పోతాయి. తుప్పు తినిందని చెప్పు" అన్నాడు. అంటూనే ఆకురాయి గొట్టం మీద పెట్టాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"చెరిపితే ఇంకా పెద్ద కేసు. ఎవరి దగ్గర దొరికితే వాడే చెరిపినట్లని రాసుండాది."

"అయితే ఆ పుస్తకం ఈడ కొలిమిలో ఎయ్యి" అని నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి, "నా తొలికలు గూడా కేసేనా?" అన్నాడు.

నేను తుపాకి గోనెలో చుట్టుకుని లేచాను.

ఆమె ఇంటికి పోయేసరికి వసారాలో కూర్చుని విత్తనానికి కాయలు ఒలుస్తోంది. అంతా చెప్పాను. "నువ్వు ఇయ్యలేదు. నేనే నీకు చెప్పకుండా ఎత్తకపోయినానని రాయిస్తా" అన్నాను.

"ఈ వయసులో దొంగ అనిపించుకుంటావా అన్నా? అటక ఎక్కేకి నీకు మోకాళ్లు యాడుండాయి? ఎవరు నమ్ముతారు?" అంది. కానీ ఒలుస్తున్న కాయ ఆమె వేళ్లలోంచి జారింది. దాన్ని తీసుకుంటూ అడిగింది: "జైల్లో ఏస్తారా?"

"తెలీదమ్మా" అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

రేపు నేనొక్కడినే పోతానని చెప్పి వచ్చాను. తెల్లారి ఆటో దగ్గరికి పోతే, భర్త లైసెన్సు పుస్తకం, మిగిలిన చెక్కముక్క, గుర్రం సంచిలో వేసుకుని ఆమె అప్పటికే కూర్చుని ఉంది. దిగమన్నాను. దిగలేదు.

స్టేషన్‌లో హెడ్డు కానిస్టేబులు కళ్లద్దాలు సవరించుకుని గొట్టం చూశాడు, నా పుస్తకం చూశాడు, మళ్లీ గొట్టం చూశాడు. "ఇది నీది కాదే పెద్దాయనా. ఎవరిచ్చినారు?"

నోరు తెరిచాను.

"నేనే ఇచ్చినా సార్" అంది ఆమె నా వెనక నుంచి.

హెడ్డు కోప్పడలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. రెండు సంచులూ తీసుకుని, పై అధికారులకు పంపుతామనీ, పిలిస్తే రావాలనీ చెప్పాడు. జరిగింది ఎవరిది వాళ్లు రాసివ్వమన్నాడు. ఆమెకు చదువు రాదు. "నువ్వే రాయి పెద్దాయనా" అని తెల్లకాగితం నా ముందుకు తోశాడు.

బడికి పోకుండా, పాత పేపర్ల మీద వేలు పెట్టుకుని నాకు నేనే నేర్చుకున్న అక్షరాలవి. వాటితో ఆమె మీద ఆమె చెప్పుకున్న తప్పు నేనే రాశాను. ఒక్క పదం మార్చినా ఇద్దరం మునుగుతామని, ఆమె అన్నది అన్నట్టే రాశాను. చదివి వినిపించాను. ఆమె తలూపి, వేలికి సిరా పూసుకుని, నేను చూపించిన చోట ముద్ర వేసింది.