కొరడా పట్టని పెద్దక్క

గుర్రపుశాలలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ పెద్దక్క అనేవారు. ఆ ఏడాది యజమాని ఒక నల్లగుర్రాన్ని కొన్నాడు. తలుపు తీస్తే చాలు, అది తాడు పట్టుకున్న మనిషిని గోడకు నొక్కేసి బయటికి దూకేది. దాని జోలికి వెళ్లేది లేదని పనివాళ్లు తెగేసి చెప్పారు.

"రెండు తగిలిస్తే అదే దారికొస్తుంది," అంటూ యజమాని ఆమె చేతిలో కొరడా పెట్టాడు.

పెద్దక్క దాన్ని మేకుకు వేలాడదీసింది. "దెబ్బలు తిని తినే ఇలా తయారైందండీ. కొట్టే పనైతే నన్ను పిలవకండి."

"రేపు నీ ఎముకలు విరిగితే?"

"విరిగితే నావే కదా!"

మర్నాటి నుంచి ఆమెకు అదే పని. తలుపు తీసేది. గుర్రం తోసుకొస్తే తాడు కదిపి, రెండడుగులు వెనక్కి నడిపించి మళ్లీ మూసేది. అది తల దించి నిలబడితే మెడ నిమిరేది. గుర్రాన్ని తిప్పే మైదానం గేటు ఇరవై అడుగుల దూరం. మొదటిరోజు అక్కడికి చేరేసరికి మధ్యాహ్నమైంది, గుర్రం డెక్క కింద పడి ఆమె కాలి బొటనవేలు నలిగి నల్లబడింది. పనివాళ్లు నవ్వితే, "నవ్వండి, నాకేం తొందర లేదు" అంది కుంటుతూనే.

మూడో వారానికి తలుపు బార్లా తెరిచినా గుర్రం ఆమె మాట కోసం ఆగింది. యజమాని ఉబ్బిపోయి, తాడు తీసుకుని గబగబా లాగాడు. గుర్రం చెవులు వెనక్కి వాల్చి, కదలనంది.

"దానికి నేర్పడం అయిపోయిందండీ," అంది పెద్దక్క. "తాడు వదులు చేసి నెమ్మదిగా పిలవండి. ఇక నేర్చుకోవడం మీ వంతు."

అతను గుర్రుగా చూశాడు. ఆమె మాత్రం తాడు అందుకోలేదు. కాసేపటికి అతనే పిడికిలి సడలించాడు.